తొమ్మిదో నంబరులో ఆడే పిల్ల

మా ఆయన ఫోనులో ఒక బేస్‌బాల్ ఆట ఉండేది. అది మా ఇంట్లోకి ఎలా వచ్చిందో చెప్తే నవ్వుతారు. తెలంగాణ వచ్చిన కొత్తలో, షాద్‌నగర్‌లో మేము కిరాయికి ఉన్న రెండు గదుల ఇంట్లో, ఆయన ఒక క్రికెట్ ఆట దించుకుందామని కూర్చున్నాడు. ఫోనులో జాగా చాలలేదు. జాగా చాలే ఆటల్లో బ్యాటు బొమ్మ ఉన్నది ఇదొక్కటే కనబడింది. "బ్యాటున్నది, బాలున్నది, ఇంకేం గావాలె?" అని దాన్నే దించుకున్నాడు.

ఆ ఆటలో మనం బ్యాటు ఊపేదేమీ ఉండదు. జట్టులో తొమ్మిది మంది ఉంటారు. ఎవరు ముందు ఆడాలి, ఎవరు తర్వాత ఆడాలి అని వరుస పెట్టి ఇవ్వడమే మన పని. మిగతాదంతా ఫోనే లెక్కలు వేసుకుని ఆడేస్తుంది. ఒక్కో ఆటగాడికి బలం ఇంత, పరుగు ఇంత, బంతిని తాకే నేర్పు ఇంత అని అంకెలు ఉంటాయి. పేర్లు మనకిష్టమైనవి పెట్టుకోవచ్చు. ఆయన ఫ్యాక్టరీలో తన షిఫ్టు వాళ్ల పేర్లన్నీ తెచ్చి అందులో పెట్టుకున్నాడు. సూపర్‌వైజర్‌ను మాత్రం అన్నిటికన్నా తక్కువ అంకెలున్న ఆటగాడిగా చేసి, తొమ్మిదో నంబరులో కూర్చోబెట్టాడు. ఆ సూపర్‌వైజర్ ఔటైనప్పుడల్లా ఈయన ముఖంలో కనిపించే శాంతి, పెళ్లయిన ఇన్నేళ్లలో నేను వండిన ఏ కూరకూ కనిపించలేదు.

నేను లెక్కల టీచర్ని. షాద్‌నగర్ నుంచి పాలమూరు వైపు పోయే బస్సెక్కితే గంటలోపు వచ్చే ఒక ఊళ్లో, ఆడపిల్లల గురుకులంలో చెప్పేదాన్ని. నాకు ముక్కు మీద కోపం అని మా ఆయన అందరికీ చెప్తాడు. అబద్ధమేమీ కాదు. తప్పు లెక్క కనబడితే, అది ఎవరిదైనా సరే, సరిచేసేదాకా నాకు అన్నం దిగదు. ఆ ఆట జోలికి నేను పోవడం కూడా ఒక తప్పు లెక్క వల్లే జరిగింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన ఫోనును పట్టుకుని తిడుతున్నాడు. "గీ ఫోను ఖరాబైంది. రెండో ఇన్నింగ్స్ మొదలుపెట్టంగనే అయిదో నంబరోడు వచ్చి నిలవడుతుండు. మొదటోడు యాడికి పోయిండు?" ఆయన తన ముగ్గురు మంచి ఆటగాళ్లనూ మొదటి మూడు స్థానాల్లో పెట్టి, పనికిరాని వాళ్లందరినీ వెనక్కి నెట్టాడు. క్రికెట్టులో లాగే ప్రతి ఇన్నింగ్స్‌కూ మళ్లీ ఓపెనర్లే వస్తారని లెక్క. ఓపెనర్లు రాకపోయేసరికి, ఫోను పట్టుకుని బస్టాండు దగ్గరి మొబైల్ దుకాణానికి కూడా పోయి వచ్చాడట. ఆ దుకాణం అతను కూడా మనలాంటి క్రికెట్టు మనిషే. చూసి, తల పంకించి, "సాఫ్ట్‌వేర్ ఖరాబైందన్నా" అని, ఆట మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించి ఇచ్చాడు. మళ్లీ అయిదో నంబరువాడే వచ్చాడు.

నేను ఫోను లాక్కుని, ఆటలో నియమాలు రాసి ఉన్న పేజీ తీసి, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. బేస్‌బాల్‌లో ముగ్గురు ఔటైతే ఇన్నింగ్స్ అయిపోతుంది. తర్వాతి ఇన్నింగ్స్‌లో, ఆగిన చోటి నుంచే వరుస మొదలవుతుంది. తొమ్మిదో వాడి తర్వాత మళ్లీ ఒకటో వాడు. బతుకమ్మ చుట్టూ ఆడవాళ్లు తిరిగినట్టు ఆ వరుస తిరుగుతూనే ఉంటుంది, దానికి తోక అంటూ ఉండదు. ఈ సంగతి చెప్తే ఆయన ఫోను వెనక్కి తీసుకుని వరుసను వేలితో లెక్కపెట్టాడు. తర్వాత, "మరి అమెరికా గంత పెద్ద దేశం, గింత సీదా ఆట ఆడరాకపాయె" అన్నాడు.

వరుస సంగతి అర్థమయ్యాక మా ఇద్దరికీ అసలు పంచాయితీ మొదలైంది. నాలుగో నంబరు అనేది ఆ ఆటలో గొప్ప స్థానం. ముందు ముగ్గురూ ఆడి దారిలో నిలబడి ఉంటే, నాలుగో వాడు గట్టిగా కొట్టి అందరినీ ఇంటికి, అంటే బయల్దేరిన చోటికి, చేరుస్తాడు. చేరిన ఒక్కొక్కరికీ ఒక పరుగు. మా ఆయన నమ్మకం ఏమిటంటే, ఎవరిని నాలుగో నంబరులో పెట్టినా వాడు బాగా ఆడతాడని.

"ఇజ్జత్ ఇస్తే మనిషి పని జేస్తడు. నాలుగో నంబరంటే ఇజ్జత్," అన్నాడు.

"వాడు మనిషి కాదు, అంకె. అంకెకు ఇజ్జతేంది?" అన్నాను.

"నీకు తెల్వదు. మా షిఫ్టుల గట్లనే ఉంటది."

"షిఫ్టు ముచ్చట షిఫ్టుల వెట్టు. ఫోనుల ఉన్నోనికి నువ్వు ఏ నంబరిచ్చినవో గూడ తెల్వదు."

వాదనతో తేలేది కాదని పరీక్ష పెట్టాను. ఎండాకాలం సెలవులు, బడి లేదు. ఒకే జట్టు, అవే అంకెలు, అదే ప్రత్యర్థి. మార్చేది వరుస ఒక్కటే. ఫోను తనంతట తాను సీజన్ మొత్తం ఆడేసేలా పెట్టి, అయిపోగానే వచ్చిన ఫలితాన్ని తలుపు వెనక చాక్‌పీసుతో రాసేదాన్ని. మళ్లీ వరుస మార్చి మళ్లీ ఆడించేదాన్ని. మా ఆయన మొదట్లో నవ్వాడు. తర్వాత షిఫ్టు నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే తలుపు వెనక్కి పోయి చూసేవాడు. మా ఇంటి ఓనరమ్మ కిరాయికి వచ్చి, తలుపు నిండా ఉన్న అంకెలు చూసి, ఏదో చీటీల వ్యాపారం పెట్టామనుకుంది.

ఫలితం నేను అనుకున్నట్టే వచ్చింది. ఒకటో నంబరులో పెట్టినా, ఆరులో పెట్టినా, తొమ్మిదిలో పెట్టినా, ఆటగాడు బంతిని తాకే తీరు పెద్దగా మారలేదు. ఒకసారి కొంచెం ఎక్కువ, ఒకసారి కొంచెం తక్కువ, అంతే. మారినవి వేరే. ముందు నంబరులో ఉన్నవాడికి ఆడే వంతులు ఎక్కువ వస్తాయి. ఆట వరుసలో ఎక్కడ ముగిసినా, ఆ చివరి చుట్టులో ముందున్నవాడి వంతు అప్పటికే వచ్చిపోయి ఉంటుంది కదా. ఇక నాలుగో వాడి ఖాతాలో కనబడే గొప్ప పరుగులు సగం అతనివి కావు, అతని ముందు నిలబడ్డవాళ్లవి. ఇది రుజువు చేయడానికి నేను సూపర్‌వైజర్‌ను తీసుకెళ్లి నాలుగో నంబరులో పెట్టాను. ఆ సీజన్‌లో మా జట్టులో అందరికన్నా ఎక్కువ మందిని ఇంటికి చేర్చింది ఆ సూపర్‌వైజరే. మా ఆయన ఆ రోజు సరిగా అన్నం తినలేదు.

స్థానం మారితే మనిషి మారడు, పేరు మాత్రం మారుతుంది. ఇదే నా సిద్ధాంతం. మంచి ఆటగాడిని ముందు పెట్టాలి, ఎందుకంటే వాడికి ఎక్కువ వంతులు రావాలి. ఇంత సీదా లెక్క. అప్పట్లో ఎవరడిగినా, అడగకపోయినా, ఈ మాట చెప్పేదాన్ని.

తర్వాత ఏడాది మా గురుకులంలో ఆటల టీచరు కాన్పు సెలవు మీద పోయింది. ఆమె తయారుచేసిన సాఫ్ట్‌బాల్ జట్టు ఒకటి ఉంది. సాఫ్ట్‌బాల్ అంటే బేస్‌బాల్‌కు చెల్లెలి వరస. బంతి కొంచెం పెద్దది, పిచ్చర్ అంటే బంతి వేసే పిల్ల, చేతిని చక్రంలా తిప్పి కింది నుంచి విసురుతుంది. బ్యాటింగ్ వరుస మాత్రం అచ్చం అదే. ఎవరైనా ఈ జట్టును చూసుకోవాలని ప్రిన్సిపాల్ మేడం స్టాఫ్ రూములో అడిగితే, అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాకు వరుస గురించి తెలుసు అని నేనే నోరు జారాను. మరునాటి నుంచి ఈల నా మెడలో ఉంది.

ఆ జట్టులో తొమ్మిదో నంబరులో ఆడే పిల్ల పదో తరగతి. జట్టులోకి ఆఖరున వచ్చింది కాబట్టి పాత టీచరు ఆఖరు నంబరు ఇచ్చిందట. ఈమె బ్యాటు పట్టుకుంటే నాకు ఒళ్లు పులకరించేది. పెద్ద బలమేమీ లేదు. కానీ బంతి ఎక్కడికి వస్తుందో బ్యాటు అక్కడ ముందే ఉండేది. మాటలు తక్కువ. ఆడి వచ్చి, మంచినీళ్లు తాగి, బెంచీ అంచున కూర్చునేది. మిగతా పిల్లలు జడలు వేసుకుంటూ, పాటలు పాడుకుంటూ ఉంటే ఈమె గ్రౌండు వైపే ముఖం పెట్టుకుని ఉండేది. పొగరు అని కొందరు అనుకునేవారు. మొదట్లో నేనూ అదే అనుకున్నాను.

ఈ పిల్ల తల్లిదండ్రులు పుణె వైపు వలస పోయి, కట్టుబడి పనుల్లో ఉన్నారు. తల్లి స్లాబు వేసే ముఠాలో పెద్ద. ఆ ఏడే పిల్లకు తమ్ముడు పుట్టాడు. పది అయిపోగానే బిడ్డను వెంట తీసుకుపోతామని, తమ్ముణ్ణి చూసుకునే దిక్కు లేదని, తల్లి ఫోనులో నాతో చెప్పింది. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు చెప్పింది. పిల్ల జిల్లా జట్టుకు ఎంపికైతే ఇంటర్‌కు ఆటల హాస్టల్లో సీటు వస్తుంది, తిండీ చదువూ అన్నీ వాళ్లవే అని నేను చెప్పాను. ఆమె, "జిల్లాకు వస్తే అప్పుడు మాట్లాడుదాం మేడం" అంది. ఇప్పుడే కాదనలేదు, అదే చాలనుకున్నాను. ఇక ఆ పిల్ల ఎంపిక కావడం ఒక్కటే నా బుర్రలో తిరిగే విషయం.

నా సిద్ధాంతం నా దగ్గర సిద్ధంగానే ఉంది. జట్టులో అందరికన్నా బాగా ఆడే పిల్లను తొమ్మిదో నంబరులో ఉంచడం ఎంత అన్యాయం. వెంటనే తీసుకొచ్చి ఒకటో నంబరులో పెట్టాను. "సరే మేడం" అంది.

మా గ్రౌండులో, మా పిల్లలే బంతి వేస్తుంటే, ఒకటో నంబరులోనూ బ్రహ్మాండంగా ఆడింది. తర్వాత పక్క మండలం బడి జట్టు మ్యాచ్‌కు వచ్చింది. మొదటి వంతులో ఈ పిల్ల మావాళ్లకే సిగ్గేసేలా మూడుసార్లు గాలిని కొట్టి, ఔటై వచ్చి కూర్చుంది. రెండో వంతులో మాత్రం బంతిని గోడ దాకా పంపింది. సరే, మొదటిసారి భయం అనుకున్నాను. ఇంకో బడితో ఆడితే మళ్లీ అంతే. మొదటి వంతు సున్నా, రెండోది అదుర్స్. మూడో మ్యాచ్‌లోనూ అదే జరిగేసరికి నాకు కోపం నషాళానికి అంటింది. తలుపు వెనక రాసిన అంకెలు ఇలా చెప్పలేదు. మ్యాచ్ కాగానే పిల్లను పక్కకు పిలిచాను.

"తొమ్మిదిల ఉన్నప్పుడు మొదటి వంతుకే కొడుతుంటివి. ఇప్పుడేమైంది? ముందు పెడితే భయమైతుందా?" అన్నాను.

"భయం కాదు మేడం."

"మరేంది?"

ఆమె కాళ్లతో మట్టి గీస్తూ నిలబడింది. "నేనింకా ఆమెను చూడలేదు గద మేడం. చూడకుంట ఎట్ల కొట్టాలె?"

నాకు అర్థం కాలేదు. ఆమె నెమ్మదిగా చెప్పింది. ఒక్కో పిచ్చర్‌కు ఒక్కో అలవాటు ఉంటుందట. ఇవాళ్టి పిల్ల నిమ్మళమైన బంతి వేసే ముందు పెదవి కొరుక్కుంటుంది. మొన్న వచ్చిన పిల్ల జోరు బంతికి ముందు వెనక కాలి మడమ లేపింది. అంతకుముందు ఆమె, పక్కకు పోయే బంతికి ముందు చెయ్యి పావడకు తుడుచుకుంది. బెంచీ మీద కూర్చుని ఎనిమిది మంది ఆడేదాకా చూస్తే ఈ పిల్లకు ఇదంతా తెలిసిపోతుంది. తొమ్మిదో నంబరు వచ్చేసరికి ఆమెకు ఆ పిచ్చర్ పాత చుట్టం. ఒకటో నంబరులో పెడితే, ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషి.

"గిట్ల చూడుమని ఎవరు చెప్పిన్రు నీకు?" అన్నాను.

"ఎవరు చెప్పలే. అమ్మ స్లాబు కాడ గట్లనే చేస్తది. కొత్తగ ఎవలన్న పనికొస్తే తట్ట ముట్టనియ్యది. మెట్ల పొంటి నిలవడి జర సేపు చూడుమంటది. తట్ట ఎవలెవల చేతులకెంచి ఎట్లొస్తాందో చూసినంకనే వరుసల నిలవెడతది. చూడకుంట నిలవడితే తట్ట కాళ్ల మీద పడ్తది మేడం."

సెలవుల్లో తల్లి దగ్గరికి పోయినప్పుడు చూసిందట. కింద కలిపిన కంకరా సిమెంటూ తట్టల్లో చేతులు మారుతూ మూడో అంతస్తు దాకా పోవడం నేనూ ఎన్నోసార్లు చూశాను. షాద్‌నగర్‌లో ఏ సందులో చూసినా అదే పని. కానీ ఆ వరుసలో కొత్తవాళ్లను ముందు చూడమని నిలబెడతారని నాకు తెలియదు. ఈ పిల్ల దాన్ని అక్కడ చూసి, తెచ్చి, ఎవరూ చెప్పకుండానే ఇంకో చోట వాడుకుంది. జట్టు పిల్లలంతా ఒకే బెంచీ మీద కూర్చుంటే, కూర్చోవడాన్ని కూడా పనిగా మార్చుకున్నది ఈమె ఒక్కతే. ఆ సాయంత్రం నాకు ఎంత ముచ్చట వేసిందో చెప్పలేను. పట్టుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది, కానీ మెడలో ఈల ఉంది, చుట్టూ పిల్లలున్నారు.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు. "నేను చెప్పలే? జాగ మారితే మనిషి మారుతడని చెప్పలే?"

"నువ్వు చెప్పింది ఇజ్జత్ ముచ్చట. ఇది ఇజ్జత్ కాదు, చూపు."

"ఏదైతేంది, నేనే గెలిచిన."

గెలిచాడో లేదో గాని, ఆయన కూడా ఆలోచనలో పడ్డాడు. ఫోను తీసి, జట్టులో ఒక ఆటగాడి పేరు చెరిపి, ఈ పిల్ల పేరు పెట్టాడు. బలం ఎంత అని అడిగాడు, చెప్పాను. పరుగు ఎంత, చెప్పాను. తాకే నేర్పు ఎంత అని అడిగితే ఆగిపోయాను. ఒకటో నంబరులో ఒక అంకె, తొమ్మిదో నంబరులో ఇంకో అంకె చెప్పాలి. అలా రాయడానికి ఆ ఆటలో గడి లేదు. అప్పుడు నాకు తట్టింది. ఆ ఫోనులోని ఆటగాళ్లకు బెంచీ లేదు. తమ వంతు కానప్పుడు వాళ్లు ఎక్కడా ఉండరు, ఏమీ చూడరు. వంతు రాగానే పుడతారు, ఔట్ కాగానే మాయమవుతారు. వాళ్ల విషయంలో నా లెక్క తప్పు కాదు. చూడని వాడికి ముందు ఆడినా వెనక ఆడినా ఒకటే. చూసే మనిషికి మాత్రం వెనక కూర్చున్నంతసేపూ ఆట నడుస్తూనే ఉంటుంది.

ఆ తర్వాత ఆ పిల్లను నాలుగో నంబరులో ఆడించాను. ముగ్గురు ఆడేదాకా చూడటానికి వ్యవధి ఉంటుంది, వంతులు కూడా మరీ తగ్గవు. మా ఆయన సిద్ధాంతం, నా సిద్ధాంతం, పిల్ల సిద్ధాంతం మూడూ కలిసి ఆ నంబరులో సర్దుకున్నాయి. ఆమె అక్కడ ఆడిన తీరు గురించి చెప్పడం మొదలుపెడితే నేను ఆపను కాబట్టి చెప్పను.

జిల్లా ఎంపికలు పాలమూరులో పెట్టారు. నేను ఆత్రం మనిషిని. ఆలస్యమైతే ఏమవుతుందోనని పిల్లలను తెల్లవారగానే లేపి, మొదటి బస్సు ఎక్కించి తీసుకుపోయాను. గ్రౌండులోకి అందరికన్నా ముందు అడుగు పెట్టింది మేమే. ఎంపిక చేసే సారు కూడా మా తర్వాతే వచ్చాడు. పెద్దమనిషి, నెరిసిన మీసాలు, టోపీ. ఆయన సంతోషపడి, "ముందొచ్చినోళ్లు ముందు ఆడుతరు" అన్నాడు. మా బడి వరుసలో ఈ పిల్ల మొదట నిలబడి ఉంది.

ఇది మ్యాచ్ కాదు, రెండో వంతు రాదు. ఒక్కొక్కరికీ ఒకే వంతు, కొన్ని బంతులు, అంతే. బంతి వేసేది కాలేజీ జట్టు పిచ్చర్. ఆ అమ్మాయిని మేమెవరమూ ఎప్పుడూ చూడలేదు. ఈ పిల్ల గాలిని కొట్టి వస్తే ఎండాకాలంలో పుణె బండి ఎక్కడమే.

నేను సారు దగ్గరికి పోయి, మా పిల్లను ఆఖరున ఆడనివ్వమని అడిగాను. ఎందుకన్నాడు. ముందు చూడాలి అన్నాను. "అందరు గట్లనే అంటే మొదలు ఎవలాడాలె మేడం?" అన్నాడు. న్యాయమైన మాటే, అందుకే నాకు ఇంకా మండింది. గొంతు పెంచబోతుంటే వెనక నుంచి ఈ పిల్ల నా చీర కొంగు పట్టి ఆపింది.

"పరవాలేదు మేడం," అంది. తర్వాత సారు వైపు తిరిగి, "సార్, అక్క చెయ్యి సాపు చేసుకుంటాంది గద, బంతులు నేనందుకోనా?" అని అడిగింది.

పిచ్చర్ ఆడేముందు చేయి వదులు కావడానికి కొన్ని బంతులు విసురుకుంటుంది. వాటిని ఎదురుగా వంగి కూర్చుని పట్టుకునేవాళ్లను క్యాచర్ అంటారు. ఆ రోజు రావలసిన క్యాచర్ ఇంకా రాలేదు. సారు సరే అన్నాడు. ఈ పిల్ల ఎన్నడూ ఆ పని చేయలేదు. మా జట్టులో ఆమె దూరంగా గడ్డిలో నిలబడే పిల్ల. వచ్చి మోకాళ్ల మీద కూర్చుని పెద్ద గ్లౌజు తొడుక్కుంది. మొదటి బంతి మోచేతికి తగిలింది. రెండోది చేతిలోంచి జారిపోయింది. లేచి, తెచ్చి ఇచ్చి, మళ్లీ కూర్చుంది. ఆ తర్వాత నెమ్మదిగా బంతులు గ్లౌజులో పడటం మొదలైంది. ఆమె కళ్లు బంతి మీద లేవు. పిచ్చర్ అమ్మాయి భుజం మీద, వేళ్ల మీద, పాదాల మీద ఉన్నాయి. బెంచీ లేని చోట ఈ పిల్ల తనకో బెంచీ వేసుకుందని నాకప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లు ఎంతోమంది పిల్లలకు పాఠం చెప్పాను, ఒక పిల్లను చూసి అంత గర్వపడింది ఆ రోజే.

సారు ఈల వేశాడు. ఆమె గ్లౌజు విప్పి బ్యాటు పట్టుకుంది. మొదటి బంతిని వదిలేసింది. రెండోది తాకింది, మూడోది సాఫుగా పోయింది, ఆ తర్వాత ఒక్కటీ గాలికి పోలేదు. ఇక గట్టెక్కాం అనుకున్నాను.

వెనక్కి వస్తూ ఆమె వరుసలో తన తర్వాత నిలబడ్డ పిల్ల దగ్గర ఆగింది. చెవిలో ఏదో చెప్పింది. ఆ పిల్ల తల ఊపి తన వెనక ఉన్న పిల్లకు చెప్పింది. ఆ మాట స్లాబు తట్ట చేతులు మారినట్టు మారుతూ వరుస చివరి దాకా, వేరే బళ్ల పిల్లల దాకా పోయింది. ఏం చెబుతోందో నాకు తెలుసు, ఏ బంతికి ముందు ఆ పిచ్చర్ ఏం చేస్తుందో. ఆమె దగ్గరికి రాగానే గొంతు తగ్గించి, "దిమాక్ ఉన్నదా నీకు? ఉన్నయే కొన్ని జాగాలు. అందరికి చెప్తే నీకేం మిగులుతది?" అన్నాను.

"వాళ్లు చూడలేదు గద మేడం," అంది. అంతే. అంతకన్నా పెద్ద కారణం ఆమెకు అవసరమని కూడా తోచలేదు.

ఆ రోజు పాలమూరు గ్రౌండులో పిల్లలందరూ బాగా ఆడారు. అంత బాగా ఆడటం ఆ సారు కూడా అనుకోలేదు. పిచ్చర్ అమ్మాయి మధ్యలో బిక్కముఖం వేసింది. బాగా కొట్టిన పిల్లలు అంతమంది అయ్యేసరికి మా పిల్ల ఆడింది నలుగురితో నారాయణ అయిపోయింది. మధ్యాహ్నం సారు కుర్చీలో కూర్చుని పేర్లు చదివాడు. బ్యాటింగుకు ఎంపికైన వాళ్ల పేర్లన్నీ అయిపోయాయి. మా పిల్ల పేరు లేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె మాత్రం అందరికీ చప్పట్లు కొడుతోంది.

సారు గొంతు సవరించుకుని, "క్యాచర్," అని ఆగి, మా పిల్ల వైపు వేలు చూపించాడు. "ఇంతకుముందు గీ పని చేసినవా బిడ్డా?"

"లేదు సార్."

"బంతి వచ్చేకన్న ముందే నీ గ్లౌజు ఆడికి పోతాంది. గిది నేర్పితే వచ్చేది కాదు." నా వైపు తిరిగి, "మేడం, గీ పిల్లను క్యాచర్‌గ తీసుకుంటున్న," అన్నాడు. ఆయనకు దండం పెట్టాలో, పొద్దున గొంతు పెంచబోయినందుకు తల దించుకోవాలో తెలియక రెండూ చేశాను.

బయట చెట్టు కింద నిలబడి పుణెకు ఫోను కలిపాను. తల్లి పనిలో ఉంది. వెనక మిక్సరు తిరుగుతున్న చప్పుడు, మధ్యలో పసివాడి ఏడుపు. ఫోను స్పీకరులో పెట్టి పిల్ల చేతికిచ్చాను.

"అమ్మా, జిల్లాకు తీసుకున్నరు."

తల్లి పక్కకు నడుస్తున్నట్టుంది, మిక్సరు చప్పుడు కాస్త దూరమైంది.

"నిజమేనా?"

"నిజమే. మేడం ఈడనే ఉన్నది."

"హాస్టల్ల తిండి మంచిగ పెడ్తరటనా?"

"పెడ్తరట."

పసివాడి ఏడుపు దగ్గరైంది. వాణ్ణి ఎత్తుకున్నట్టుంది.

"అయితే ఉండు బిడ్డా. తమ్మున్ని నేను నడుముకు కట్టుకుంట."

పిల్ల ఫోనును రెండు చేతులతో పట్టుకుంది. "తట్ట మోసుకుంట వాన్నెట్ల మోస్తవమ్మా? బరువైతడు."

తల్లి నవ్వింది. అలసిన నవ్వే, కానీ నవ్వే. "నిన్ను ఎట్ల మోసిన అనుకున్నవే?" అంది.